గట్టు మీద నిండుబిందె

దాటుడు మూడో రోజు. బండ్లు 3 నుంచి 8.

అంకెలు మాత్రమే రాయమని ఎర్రిస్వామి సారు చెప్పాడు. ఆయన ఈ గట్టు స్టేషనుకు పెద్ద, నేను నీళ్ళు దించే మనిషిని. పుస్తకం మాత్రం నా చేతిలోనే ఉంటుంది, కాబట్టి అంకెలూ రాస్తాను, నాకు తోచిందీ రాస్తాను. పేరు కుళ్ళాయమ్మ. తొమ్మిదేళ్ళుగా ఇదే పని.

ఇవాళ ఆరు ఇంటిబండ్లు దించాను. నాలుగు నెలలు పడమట తిరిగి ఇప్పుడు గట్టు దాటి తూర్పుకు పోతున్న బండ్లు. మనుషులు దాటవచ్చు, కోళ్ళు దాటవచ్చు, మంచాలు, గిన్నెలు, పిల్లల బొమ్మలు అన్నీ దాటవచ్చు. నీళ్ళు దాటకూడదు. పడమటి చెరువులకు చారనాచు పట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ముందు సన్నటి పచ్చచారలు కనబడతాయి, రెండేళ్ళు తిరిగేసరికి చెరువంతా జిగురుముద్ద అవుతుంది. కాచి వడకట్టుకొని తాగి బతుకుతున్నాం. తూర్పుకు అది ఇంకా పాకలేదు.

కొత్తవాళ్ళు ట్యాంకు ఖాళీ చేస్తే పని అయిపోయిందనుకుంటారు. నీళ్ళు దాక్కునేది హీటర్లో, గొట్టాల్లో. ట్యాంకు ఎండిపోయినా అవి నిండుగానే ఉంటాయి. ముందురోజు సాయంత్రమే హీటరు ఆపాలి, లేకుంటే చేయి ఉడుకుతుంది. పొద్దున పైన గాలిపిడి ఎత్తి, బండిలో ఉన్న పంపులన్నీ తిప్పి, ఆ తర్వాత కింద బిరడా విప్పాలి. పైవి మరిచి కిందది ఒకటే విప్పితే రెండు చెంబులు కారి ఆగిపోతుంది. గాలి లోపలికి పోనిదే నీళ్ళు బయటికి రావు. రోజుకు పదిసార్లు ఈ మాట చెప్తాను. పదకొండోవాడు వచ్చి, "అయిపాయ అక్కా, ఇంగ రాల్యా" అంటాడు.

హీటరూ గొట్టాలూ కలిపి ఎన్ని లీటర్లు పడతాయో ప్రతి బండి తలుపు పక్కన రేకు మీద కొట్టి ఉంటుంది. దించిన నీళ్ళను నేను కొలతడ్రమ్ములో పట్టి చూసి, తర్వాత పడమటి వైపు గుంతలో పారబోస్తాను. రేకూ డ్రమ్మూ ఒకటే చెబితే గేటు తీస్తారు. ఇవాళ ఆరు బండ్లూ సరిపోయాయి, చెంబెడు అటూ ఇటూ.

పోయే ప్రతి బండికీ నా ఇత్తడి బిందెతో ఎదురొచ్చాను. ఇది రూల్లో లేదు. కానీ ప్రయాణం బయలుదేరే మనిషికి ఖాళీ బిందె ఎదురుపడితే ఏం బాగుంటుంది? ఈ స్టేషనులో చూస్తే అన్నీ ఖాళీ చేసిన పాత్రలే. అందుకని డ్రమ్ములోంచే బిందె నింపుకొని గేటు ముందు నిలబడతాను. బండి కదలగానే చక్రాల ముందు వారబోస్తాను. డ్రమ్మును కూడా పూర్తిగా బోర్లించను, అడుగున చెంబెడు ఉంచుతాను. బండ్లవాళ్ళు చేతులు జోడిస్తారు. ఎర్రిస్వామి సారు అటు తిరిగి చెవి గోక్కుంటాడు.

నాలుగో రోజు. బండి 9.

సుంకులమ్మ బండి వచ్చింది. ఇంటిబండ్లన్నిటిలోకీ పెద్దది, సగం ఇల్లు, సగం వంటగది. దాటుడులో నలభై బండ్ల జనం ఆమె చేతి కూడే తింటారు. అరవై దాటినా చేతికి గాజులు బిగుతుగానే ఉన్నాయి. నన్ను చూడగానే ఆకులో ఓళిగ పెట్టి ఇచ్చింది. ఆమె ఓళిగ ఇచ్చిందంటే ఏదో ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. తినడం మాత్రం తినేశాను.

రేకు మీద ఎనభైనాలుగు. డ్రమ్ములో డెబ్బైమూడు.

పదకొండు లీటర్లు తక్కువ. గాలిపిడి మళ్ళీ ఎత్తాను, పంపులు మళ్ళీ తిప్పాను, బిరడాలో పుల్ల పెట్టి కెలికాను. సున్నపు పెచ్చులు నాలుగు రాలాయి, నీళ్ళు రాలేదు.

"యాడికి పోయినాయి అక్కా నీళ్ళు?" అన్నాను.

"గొట్టాలు పాతవి మే. తూర్పు నీళ్ళకు లోపలంతా సున్నం పట్టి సన్నబడినాయి. నీళ్ళు పట్టే తావు యాడుండాది?"

మాట వినడానికి బాగానే ఉంది. తూర్పు నీళ్ళు ఉప్పుతేలిన గట్టి నీళ్ళు, హీటర్లను సున్నపుబట్టీలు చేస్తాయి. కానీ పదకొండు లీటర్ల చోటును సున్నం తినేయాలంటే ఎంత సున్నం కావాలి? నేను మనసులో ఆ సున్నాన్ని కుప్పపోసి చూసుకున్నాను. ఒక దూడంత అయింది. అంత సున్నం మోసే బండి చక్రాలు ఇంత తేలిగ్గా తిరగవు.

పాత పుస్తకాలు తీశాను. కిందటేడు పది తక్కువ, అంతకుముందేడు పదకొండు. రెండుసార్లూ నేనే "కొలత తేడా" అని రాసి వదిలేశాను. రెండుసార్లూ ఓళిగ తిన్నానా అన్నది పుస్తకంలో లేదు.

సారు బండిని పక్కన పెట్టమన్నాడు. సుంకులమ్మ పొయ్యి వెలిగించి ఉల్లిగడ్డలు తరుక్కుంటూ కూర్చుంది. ఆ నిదానమే నాకు బాగాలేదు.

ఐదో రోజు.

ఇవాళ్టి అంకె ఒకటే. తూర్పు నుంచి కబురు. గేటుకు కింద మూడువందల అడుగుల దూరంలో వాళ్ళ మొదటి చెరువు ఉంది. అందులో చారలు కనబడ్డాయట.

ఎర్రిస్వామి సారు కబురు చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆయనది తూర్పే. ఆ చెరువులోనే ఈత నేర్చుకున్నాడు.

"పన్నెండో రోజు లోపల ఎట్ల వచ్చిందో చెప్పాలంట కుళ్ళాయక్కా. చెప్పకపోతే గేటు మూసేస్తారు, ఇంగ ఎప్పటికీ తెరవరు." పుస్తకం తిప్పి తొమ్మిదో బండి దగ్గర వేలు పెట్టాడు. "మూడేండ్లు వరసగా పది, పదకొండు లీటర్లు. ఇంగ వెతికేదేముంది?"

"తెలిస్తే కదా సారూ చెప్పేది. ఆ నీళ్ళు యాడున్నాయో మనం చూడనే లేదు."

"రెండు దినాలు ఇస్తా. దొరకకపోతే బండి కోసి చూస్తాం."

బండి కోయడమంటే గొట్టాలు, హీటరు, గోడలు అన్నీ ముక్కలు చేయడం. కోసిన బండిని మళ్ళీ అతికించేవాళ్ళు లేరు. సుంకులమ్మ ఆ బండిలోనే పుట్టింది. దింపితే ఎక్కడికి పోతుంది? పడమట ఆమెకు గజం నేల లేదు, తూర్పున అసలే లేదు. సాయంత్రం పోయి ఈ మాట చెప్పాను. వింటూ వింటూ ఆమె గరిటె కింద పెట్టింది.

"నేను చెరువు చెడగొట్టినానంటావా కుళ్ళాయమ్మా?"

"అనడంల్యా అక్కా. నీళ్ళు యాడున్నాయో చెప్పు."

ఆమె మళ్ళీ గరిటె అందుకుంది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. వీటన్నిటికంటే ఎక్కువగా, సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ పదకొండు లీటర్లు ఎక్కడ ఉన్నాయో చూడాలని ఒకటే తపన.

ఆరో రోజు. బండ్లు 14 నుంచి 17.

నాలుగూ సరిపోయాయి. ఎదురొచ్చి పంపాను.

మధ్యాహ్నం సారూ నేనూ కూడు తింటున్నాం. ఆయన పప్పు కలుపుకుంటూ చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు.

"మీ పడమట నాకు నచ్చేది ఇదొక్కటే అక్కా. పప్పు వెన్న మాదిరి ఉడుకుతాది. మా వైపు ఎంత కట్టె కాల్చినా పలుకు పలుకే. పలుకు పప్పు తినే పెరిగినాం."

"ఎప్పుడూ ఉడకదా?"

"నీళ్ళు అట్లాంటివి. ఏడాదికి ఒక్క దినం మెత్తటి పప్పు తింటాం. సుంకులమ్మవ్వ బండి దిగిన దినం. ఊరంతా గిన్నెలు తీసుకొని వరసలో నిలబడతాం. మరుసటి దినం ఆమె వండినా పలుకే. దాటినాక మొదటి దినం చెయ్యి మంచి వాటంగా ఉంటాదేమో..."

అక్కడ ఆగాడు. నా ముఖం చూశాడు. నేను ఆయన ముఖం చూశాను. ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఉండిపోయాయి.

ఆ వరసకంతా పప్పు ఉడకాలంటే ఎన్ని నీళ్ళు కావాలి? పది, పదకొండు లీటర్లు.

ఏడో రోజు.

పొద్దున్నే స్పానరు తీసుకొని సుంకులమ్మ బండిలోకి పోయాను. గోడ వెంబడి, నేల వెంబడి, గొట్టం కనబడ్డ ప్రతిచోటా కొట్టుకుంటూ పోయాను. ఖాళీ గొట్టం గల్లుమంటుంది, నిండు గొట్టం దబ్బుమంటుంది. వంటగదిలో అన్నీ గల్లు. స్నానాల గదిలో గల్లు. నెత్తి మీద మసాలా డబ్బాల అరకు వెనక మాత్రం దబ్బు.

డబ్బాలు దించాను. ఒక చెక్క, చెక్క వెనక పంపు. బయట నిలబడి స్నానం చేయడానికి వెనకటి కాలంలో పెట్టే పంపు అది. రేకు మీద లెక్కలో ఉంది, కంటికి లేదు. దాని వెనక రెండంగుళాల లావు గొట్టం పైకప్పు చుట్టూ తిరిగింది. ఆ పంపు మూసి ఉన్నంతకాలం అందులోకి గాలి పోదు, గాలి పోనంతకాలం చుక్క దిగదు. నేను రోజుకు పదిసార్లు అందరికీ చెప్పే మాట, నా నెత్తి మీదే మూడేళ్ళు వేలాడింది.

సుంకులమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"నా నోటితోనే చెప్తా విను," అంది. "మా అమ్మ వండినప్పుడు దిగుడు దినాన తూర్పోళ్ళు ఒక ముద్ద తిని లేచిపోయేవాళ్ళు. బండోళ్ళ కూడు గొడ్లు తింటాయని నవ్వేవాళ్ళు. అమ్మ పొయ్యి ఊదే వంకతో ఏడ్చేది. అది సూసి నేను ఈ పని జేసినా. ఒక్క దినం, మే. ఏడాదికి ఒక్క దినం మనం వండింది వాళ్ళు అడిగి అడిగి తింటారు. నాచు తీసుకపోవల్లని నేను అనుకున్నానా?"

బకెట్లు పెట్టి ఆ పంపు తిప్పాను. పదకొండు లీటర్లు, చెంబెడు కూడా తేడా లేదు.

ఆ నీళ్ళలో నాచు కాగితం ముంచాను. బతికున్న నాచు ఉంటే వంకాయ రంగు వస్తుంది. నేనూ సుంకులమ్మా వంగి చూశాం. తెల్లగానే ఉంది. ఇంకొకటి ముంచాను. అదీ తెలుపే. గొట్టం వెంబడి వేలు పెట్టుకుంటూ పోతే అర్థమైంది, అది వేడినీళ్ళ వైపు గొట్టం. నాలుగు నెలలు హీటరులో కాగి కాగి వచ్చిన నీళ్ళు. ఆ వేడికి నాచు బతకదు.

సంతోషంతో ఆమెను గట్టిగా పట్టుకున్నాను. సారుకు చెప్పడానికి పరుగెత్తాను. ఆయన కాగితాలు రెండూ వెలుతురుకు పెట్టి చూసి, "మరి చెరువులోకి యాడనుంచి వచ్చింది?" అన్నాడు.

నిజమే కదా. యాడనుంచి?

ఎనిమిదో రోజు.

ఇది రాయడానికి పొద్దుటి నుంచి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లు లేచాను.

సారు అనుమతితో చెప్పులు ఎండలో ఆరబెట్టుకొని గేటు దాటాను. తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. చెరువు చూడడానికి బాగుంది, అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. ఒక మూల మాత్రం పచ్చగా, దువ్వెనతో గీసినట్టు చారలు. నీళ్ళు ఆ మూలకు ఎక్కడినుంచి దిగుతాయో చూద్దామని పైకి నడిచాను. రాళ్ళ సందుల్లో సన్నటి పచ్చగీత కనబడింది. వంగి చూసుకుంటూ దాని వెంటే పోయాను. ఎంత ముచ్చటేసిందో! దొంగ కాలిజాడ దొరికినట్టే అనుకున్నాను. గీత బండల మీదుగా ఎక్కింది, కంచె కింద దూరింది, గేటు దాకా వచ్చింది. గేటు లోపల నాలుగు అడుగుల దగ్గర ఆగిపోయింది.

అక్కడ నేలలో రెండు గుంటలు ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఒకే చోట నిలబడిన నా పాదాల గుంటలు.

గట్టు అంటేనే అంత. ఇటు పోస్తే ఇటు పారుతుంది, అటు పోస్తే అటు పారుతుంది. గేటు ముందు నేల తూర్పుకు వాలి ఉంది. బండి బండికీ బిందెడు, ఏడాదికి నలభై బిందెలు, తొమ్మిదేళ్ళు. చల్లనీళ్ళ గొట్టాల్లోంచి దిగిన నాచు డ్రమ్ము అడుగున నేను ఉంచిన చెంబెడు నీళ్ళలో హాయిగా పెరిగింది. ప్రతి బండి తర్వాత డ్రమ్మును ఎండలో బోర్లించాలని రూలు. ఖాళీ పాత్ర ఎవరికీ ఎదురుపడకూడదని నేను బోర్లించలేదు.

బిందెలో కాగితం ముంచాను. ముంచకముందే తెలుసు. చేతిలో పట్టుకుంటుండగానే వంకాయ రంగుకు తిరిగింది.

అక్కడే కూర్చుండిపోయాను. పక్కకు పెట్టిన సుంకులమ్మ బండి కనబడుతోంది. ఒక ఆలోచన వచ్చింది, దాచను, రాస్తాను. ఆమె గొట్టం నీళ్ళలో ఈ బిందె నీళ్ళు రెండు చుక్కలు కలిపితే కాగితం రంగు మారుతుంది, నిన్నటివి చెడిన కాగితాలని చెప్పవచ్చు. బండి కోస్తారు, గేటు మూయరు, నా పని నాకుంటుంది. ఎవరికీ తెలియదు. అంతసేపు ఆ ఆలోచన నాలో కూర్చుందంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

లేచిపోయి సారు బల్ల మీద బిందె పెట్టాను, పక్కన కాగితం పెట్టాను.

"నేనే సారూ," అన్నాను. "మంచి జరగాలని పోసినా. మీ చెరువు నేనే చెడగొట్టినా."

ఆయన బిందెను దగ్గరికి లాక్కొని లోపలికి చూశాడు. "రోజూ చూస్తానే ఉంటి కదక్కా. ఒక్కదినం కూడా వద్దనలేదు నేను," అన్నాడు. కబురులో నా పేరుతో పాటు తన పేరూ రాశాడు.

పదో రోజు. బండి 9. రేకు 84, డ్రమ్ము 84.

జవాబు వచ్చింది. గేటు మూయరు. చెరువు ఎండగట్టి, రాయి రాయి గీకి, సున్నం కొట్టాలి. ఎవరి వల్ల పట్టిందో వాళ్ళే వచ్చి చేయాలి. ఒక పంటకారు పడుతుందట, రెండు కార్లూ పట్టవచ్చు. స్టేషనుకు కొత్త మనిషి వస్తాడు.

సుంకులమ్మ నీళ్ళు దాచిన తప్పుకు ఆ పంపు పీకేస్తే చాలని సారు రాశాడు. పంపు నేనే పీకాను. పదకొండు లీటర్లూ బకెట్లలో పక్కనే ఉన్నాయి, గుంతలో పోయాలి. పోయడానికి నాకు చేయి రావడం లేదు.

సారు రూల్ల పుస్తకం తిరగేస్తున్నాడు. మూడో పేజీ చదివాడు, ఏడో పేజీ చదివాడు, గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళు దాటకూడదని ఉంది. ఉడికిన తిండి దాటకూడదని యాడా ల్యా."

సుంకులమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "అంటే?"

"అంటే ఏముందవ్వా, పొయ్యి గేటుకు ఇవతల పెట్టుకో."

ఆమె నవ్విన నవ్వు గట్టంతా వినబడి ఉంటుంది. రెండు గంటల్లో రెండు అండాల పప్పు ఉడికింది. సారు రుచి చూసే వంకతో మూడుసార్లు గరిటె పట్టాడు.

బండి కదిలే వేళకు నేను స్తంభం వెనక్కి పోయాను. నా బిందె చింతపండుతో తోమి రెండు రోజులు ఎండలో పెట్టి ఉంది, లోపల చుక్క తడి లేదు. ఎండిన బిందెతో ఆమెకు ఎట్లా ఎదురుపడను? బండి నా పక్కకు వచ్చి ఆగింది.

"యాడ దాక్కుంటివి మే? బిందె తే ఇట్ల."

"ఖాళీదక్కా. చూడొద్దు."

ఆమె దిగి వచ్చింది. సంచి విప్పి బిందెలోకి కందిపప్పు వంపింది. గలగలమని నిండింది, మెడ దాకా నిండింది, పైన ఒక గుప్పెడు వేసి అరచేత్తో అణిచింది.

"నిండుండాది కదా. ఇప్పుడు రా."

గేటు ముందుకు పోయి నిలబడ్డాను. పాత గుంటల్లో నిలబడలేదు, పక్కకు నిలబడ్డాను. బండి కదిలింది. అలవాటుగా చేయి వంచబోయింది, పట్టుకొని ఆపాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కింద పడకముందే కొంగుతో తుడుచుకున్నాను, ఆ నేల తూర్పుకు వాలి ఉంది.

పన్నెండో రోజు. కడపటి లెక్క.

బండ్లన్నీ దాటాయి. ఇవాళ ఒక ఇల్లు దించాను. నాది.

స్టేషను వెనక నా గది, గోడకు చిన్న హీటరు. రేకు మీద పద్నాలుగు. నిన్న సాయంత్రమే ఆపాను. పొద్దున గాలిపిడి ఎత్తాను, పంపులు రెండూ తిప్పాను, బిరడా విప్పాను. తొమ్మిదేళ్ళు లోకమంతటి హీటర్లూ దించినదాన్ని, దీన్ని ఒక్కసారి కూడా దించలేదు. సున్నం లేదు, అడుగున కొంచెం బురద, ఎప్పుడో పోయిందనుకున్న ముక్కుపుడక మర. అది అందులోకి ఎట్లా పోయిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. పద్నాలుగూ వచ్చాయి. డ్రమ్ము గుంతలో వంచి, ఎండలో బోర్లించాను. కొత్త మనిషికి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను: బోర్లించు, ఎవరేమనుకున్నా బోర్లించు.

తూర్పు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. భయంగా ఉంది. ఆ చెరువు వాళ్ళు నా ముఖం చూసి ఏమంటారో. కానీ ఒకటి మాత్రం చూడాలని ఉంది. ఎంత కట్టె కాల్చినా ఉడకని పప్పు ఎట్లా ఉంటుందో నా కళ్ళతో చూడాలి.

బయలుదేరే ముందు బిందె కోసం వెతికాను. గదిలో లేదు, స్టేషనులో లేదు. పోనీలే అనుకొని మూట ఎత్తుకొని గేటు దగ్గరికి నడిచాను.

అక్కడ ఎర్రిస్వామి సారు నిలబడి ఉన్నాడు. పప్పు బిందె రెండు చేతులా పొట్టకు ఆనించుకొని, ఎటు చూడాలో తెలియక చెవులదాకా ఎర్రబడి, నాకు ఎదురొస్తున్నాడు.